ప్రోస్టేట్ మందులు: ఏ బిళ్ల ఏ పని చేస్తుంది, దేనికి ఎంత భయపడాలి?

మందు డబ్బాలో మడతలు పెట్టి ఉంచే కాగితాన్ని విప్పి చదివినవాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. కళ్లు తిరగడం, అంగస్తంభన తగ్గడం, వీర్యం రాకపోవడం, రొమ్ములు పెరగడం, దిగులు... కొన్ని కాగితాల్లో కాన్సర్ అన్న మాట కూడా ఉంటుంది. "రాత్రి రెండుసార్లు లేవాల్సి వస్తోందని చెప్తే ఇన్ని ప్రమాదాలున్న మందు రాశారా" అని బిళ్లల్ని సొరుగులో పడేసేవాళ్లు చాలామంది. ఇంకొందరిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. పదేళ్ల కింద ఎవరో రాసిన రెండు బిళ్లల్ని, అవి దేనికో కూడా మర్చిపోయి, రోజూ మింగుతూనే ఉంటారు.

ఈ రెండు రకాలవాళ్ల మీదా నాకు బెంగే. ఇద్దరూ వేసుకోవాల్సిన ప్రశ్న వేసుకోలేదు. "ఈ మందు ప్రమాదమా కాదా" అన్న ప్రశ్నకు జవాబు లేదు. ఈ మందు నాలో ఏ బాధను తగ్గించడానికి? ఆ బాధ నాకు ఎంత ఉంది? మందు వాడకపోతే ఏమయ్యే అవకాశం ఎంత? ఈ మూడూ తెలిస్తేనే ఆ కాగితంలోని భయాలకు ఒక కొలత దొరుకుతుంది.

ముందు గ్రంథి సంగతి. ప్రోస్టేట్ మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ కట్టుకున్నట్టు ఉంటుంది. యువకుల్లో దాని బరువు సుమారు 20 గ్రాములు. వయసు పెరిగేకొద్దీ నాళాన్ని ఆనుకుని ఉన్న లోపలి భాగం పెరుగుతుంది. యాభైల్లో ఉన్న మగవాళ్లలో దాదాపు సగంమందిలో, 80 దాటినవాళ్లలో పదింట ఎనిమిది తొమ్మిది మందిలో మైక్రోస్కోప్ కింద ఈ పెరుగుదల కనిపిస్తుంది. అంటే ఇది వెంట్రుకలు నెరవడం లాంటి మార్పు. కాన్సర్ కాదు, కాన్సర్‌గా మారేదీ కాదు. ప్రోస్టేట్ కాన్సర్ ఎక్కువగా గ్రంథి బయటి భాగంలో మొదలవుతుంది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, అది వేరే సంగతి.

చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. స్కానింగ్‌లో "60 గ్రాములు" అని రాగానే టెన్షన్ మొదలవుతుంది. కానీ గ్రంథి సైజుకీ, పడే బాధకీ పెద్దగా లంకె లేదు. 80 గ్రాముల గ్రంథి ఉండి హాయిగా నిద్రపోయేవాళ్లున్నారు, 30 గ్రాములతోనే నరకం చూసేవాళ్లున్నారు. ఎందుకంటే మూత్రనాళాన్ని నొక్కేవి రెండు: ఒకటి పెరిగిన కండ, రెండోది ఆ కండలోనూ మూత్రాశయం మెడ దగ్గరా ఉండే సన్నటి కండరాల బిగువు. ఎవరిలో ఏది ఎక్కువో చెప్పలేం. మందులు కూడా ఈ రెండు దారుల్లోనే వెళ్తాయి: కొన్ని బిగువును సడలిస్తాయి, కొన్ని కండను తగ్గిస్తాయి.

ఎనిమిదో ప్రశ్న

బాధను కొలవడానికి ప్రపంచమంతా వాడే ప్రశ్నాపత్రం ఒకటుంది. మూత్రం పోశాక ఇంకా మిగిలినట్టు అనిపిస్తోందా, ధార సన్నబడిందా, ఆగి ఆగి వస్తోందా, ముక్కాల్సి వస్తోందా, ఆపుకోలేకపోతున్నారా, రెండు గంటల్లోపే మళ్లీ వెళ్లాల్సి వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు: ఇవి 7 ప్రశ్నలు. ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. 7 వరకు వస్తే బాధ తక్కువ, 8 నుంచి 19 మధ్యస్థం, 20 నుంచి తీవ్రం.

వీటి చివర మార్కుల్లో కలవని ఎనిమిదో ప్రశ్న ఉంటుంది: మీ మూత్రం పరిస్థితి ఇక జీవితాంతం ఇప్పుడున్నట్టే ఉంటే మీకెలా అనిపిస్తుంది? నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఇదే. ఇద్దరికీ 14 మార్కులే వచ్చాయనుకోండి. ఒకరు బస్సు నడుపుతారు, మధ్యలో ఆపలేరు. ఇంకొకరు రిటైరై ఇంట్లో ఉంటారు, బాత్రూమ్ పక్కనే. మార్కులు ఒకటే అయినా ఇద్దరికీ మందు ఒకటే కానక్కర్లేదు. రెండో ఆయనకు అసలు మందే అక్కర్లేకపోవచ్చు.

మందు లేకుండా ఉండటమంటే పట్టించుకోకపోవడం కాదు. దాన్ని పరిశోధకులు కొలిచి చూశారు కూడా. 1995లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, మధ్యస్థమైన బాధ ఉన్న 556 మందిలో కొందరికి ఆపరేషన్ చేసి, మిగతావారిని జాగ్రత్తగా గమనిస్తూ వచ్చారు. గమనిస్తూ ఉన్నవారిలో మూడేళ్లలో 24 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారు. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల బాధ ఎక్కువగా తగ్గిందన్నది నిజం. కానీ ఆగినవాళ్లలో నలుగురిలో ముగ్గురు మూడేళ్ల తర్వాత కూడా కత్తి పడకుండానే ఉన్నారు.

అయితే ఆగడానికి వీల్లేని సందర్భాలున్నాయి. మూత్రం పూర్తిగా బంద్ అయి గొట్టం వేయాల్సి రావడం, మూత్రంలో రక్తం, పదే పదే ఇన్ఫెక్షన్, మూత్రాశయంలో రాళ్లు, కిడ్నీలు వాయడం లేదా రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే కొలత) పెరగడం. వీటిలో ఏది కనిపించినా "చూద్దాంలే" అనకూడదు. కడుపు కింద బిగదీసి, మూత్రం చుక్క కూడా రాకపోతే ఆ గంటలోనే ఆస్పత్రికి వెళ్లాలి.

రాత్రి పదే పదే లేవడం గురించి కూడా ఒక మాట. దానికి ప్రోస్టేటే కారణమని అందరూ అనుకుంటారు, చాలాసార్లు కాదు. షుగర్, గుండె బలహీనతతో పగలు కాళ్లలో చేరిన నీరు రాత్రి పడుకోగానే వెనక్కి రావడం, నిద్రలో శ్వాస ఆగే జబ్బు, సాయంత్రం వేసుకునే నీరు పోయించే బీపీ బిళ్ల, పడుకునే ముందు టీ: ఇవన్నీ అదే పని చేస్తాయి. మూడు రోజులపాటు ఎప్పుడు తాగారు, ఎప్పుడు పోశారు, ఎంత పోశారు అని ఒక కొలత గిన్నెతో రాసుకుంటే అసలు దొంగ దొరుకుతాడు. రాత్రి లేచిన ప్రతిసారీ నిండుగా వస్తుంటే ప్రోస్టేట్ మందు పెద్దగా పనిచేయదు.

సడలించే బిళ్లలు

టామ్సులోసిన్, ఆల్ఫుజోసిన్, సైలోడోసిన్, డాక్సాజోసిన్, టెరాజోసిన్. వీటిని ఆల్ఫా బ్లాకర్లు అంటారు. మూత్రాశయం మెడ దగ్గరి కండరాన్ని వదులు చేస్తాయి. కొద్ది రోజుల్లోనే, మహా అయితే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. చాలామందికి ముందుగా రాసేవి ఇవే. గ్రంథిని ఇవి ఒక్క గ్రాము కూడా తగ్గించవు. అందుకే వీటిని వాడుతున్నా లోపల గ్రంథి తన పాటికి తాను పెరుగుతూనే ఉంటుంది.

ఈ కండరాలకు బిగుసుకోమన్న సంకేతాన్ని అందుకునే ఆల్ఫా గ్రాహకాలు (ఈ మందులు అడ్డుకునేవి వీటినే) రక్తనాళాల్లోనూ ఉన్నాయి. నాళాలు కూడా వదులైతే లేచి నిలబడగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. డాక్సాజోసిన్, టెరాజోసిన్‌లతో ఇది ఎక్కువ, కాబట్టి వాటిని తక్కువ డోసుతో మొదలుపెట్టి పెంచుతారు. టామ్సులోసిన్, సైలోడోసిన్ ప్రోస్టేట్‌లో ఎక్కువగా ఉండే రకం గ్రాహకాన్నే ఎంచుకుంటాయి గనక బీపీని అంతగా తగ్గించవు. అంతగా అంటే అసలు తగ్గించవని కాదు. 66 ఏళ్లు, ఆపై వయసున్న లక్షా 47 వేల మందిని చూసిన ఒక కెనడా అధ్యయనంలో మందు మొదలుపెట్టిన తొలి 90 రోజుల్లో కిందపడే ప్రమాదం 0.17 శాతం పెరిగింది. అంటే 10,000 మంది వాడితే అదనంగా 17 మంది. సగటు మనిషికి ఇది చిన్న సంఖ్య. కానీ ఇప్పటికే మూడు బీపీ బిళ్లలు వేసుకుంటూ, ఎముకలు బలహీనంగా ఉండి, రాత్రి చీకట్లో బాత్రూమ్‌కి నడిచే పెద్దాయన సగటు మనిషి కాదు. అలాంటివాళ్లు మంచం అంచున ఒక నిమిషం కూర్చుని లేవడం, దారిలో చిన్న లైటు ఉంచుకోవడం ఈ మందులో భాగమే అనుకోవాలి.

ఇక్కడే ఒక పాత పొరపాటు గురించి. బీపీకీ ప్రోస్టేట్‌కీ కలిపి ఒకే బిళ్ల అని డాక్సాజోసిన్‌ను ఒకప్పుడు మెచ్చుకునేవారు. ఆల్‌హాట్ అనే భారీ బీపీ పరిశోధనలో ఆ మందు వాడినవారిలో గుండె వైఫల్యం ఎక్కువగా కనిపించడంతో 2000లో ఆ భాగాన్ని మధ్యలోనే ఆపేశారు. అప్పటినుంచి ప్రోస్టేట్ బిళ్ల ఉంది కదా అని బీపీ మందు మానేయడం సరికాదని తేలింది.

రెండో విషయం, బయటకు చెప్పుకోవడానికి మొహమాటపడేది. ఈ మందులతో కొందరికి స్ఖలనంలో వీర్యం తగ్గిపోతుంది లేదా అసలు రాదు. సైలోడోసిన్ పరీక్షల్లో ఇది 28 శాతం మందిలో కనిపించింది. టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములతో సుమారు 8 శాతం. మందు మానేస్తే సాధారణంగా తిరిగి మామూలవుతుంది, ఆరోగ్యానికి హాని లేదు. కానీ ముందుగా చెప్పకపోతే మనిషి ఏదో అయిపోయిందని హడలిపోతాడు. పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లకు ఇది చిన్న విషయం కూడా కాదు.

మూడోది కంటికి సంబంధించింది. దీన్ని గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే చాలామందికి తెలియదు. కంటిలో నల్లపాప చుట్టూ ఉండే రంగు పొరలో కూడా ఇవే గ్రాహకాలుంటాయి. శుక్లం ఆపరేషన్ సమయంలో ఆ పొర వదులుగా అలల్లా కదిలి, ఆపరేషన్ కష్టమవుతుంది. 2005లో డేవిడ్ చాంగ్, జాన్ క్యాంప్‌బెల్ అనే కంటి వైద్యులు టామ్సులోసిన్‌తో దీనికి సంబంధం ఉందని గుర్తించారు. ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్లు మందు మానేసినా ఈ సమస్య పూర్తిగా పోదు. ఎప్పుడో వాడి మానేసినవాళ్లు కూడా కంటి డాక్టర్‌కు ఆ సంగతి చెప్పాలి. డాక్టర్‌కు ముందే తెలిస్తే తగిన ఏర్పాట్లు చేసుకుంటారు. శుక్లం ఆపరేషన్ తేదీ ఇప్పటికే ఖాయమై ఉంటే, అది అయ్యాకే ఈ బిళ్ల మొదలుపెట్టొచ్చా అని అడగండి.

కండను తగ్గించే బిళ్లలు

వీటి వెనక ఒక అద్భుతమైన కథ ఉంది. డొమినికన్ రిపబ్లిక్‌లో కొన్ని కుటుంబాల్లో పుట్టినప్పుడు ఆడపిల్లల్లా కనిపించి, యుక్తవయసులో మగవాళ్లుగా ఎదిగే పిల్లలుండేవారు. జూలియన్ ఇంపెరాటో-మెక్‌గిన్లీ బృందం వారిని పరిశీలించి 1974లో కారణం ప్రకటించింది: టెస్టోస్టిరాన్‌ను మరింత బలమైన డీహెచ్‌టీగా మార్చే 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ వారిలో సరిగా పనిచేయదు. వారు పెద్దయ్యాక కూడా ప్రోస్టేట్ చిన్నగానే ఉండిపోయింది. అదే ఎంజైమ్‌ను మందుతో ఆపితే? ఆ ఆలోచనలోంచి ఫినాస్టెరైడ్ పుట్టింది. 1992లో అమెరికాలో ప్రోస్టేట్‌కు అనుమతి వచ్చింది. తర్వాత డుటాస్టెరైడ్ వచ్చింది. ఎంజైమ్‌లో రెండు రకాలుంటే ఫినాస్టెరైడ్ ఒకదాన్ని, డుటాస్టెరైడ్ రెండింటినీ ఆపుతాయి.

ఇవి గ్రంథిని సుమారు ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తగ్గిస్తాయి, కానీ నెమ్మదిగా. ఆరు నెలలు, ఒక్కోసారి ఏడాది. రెండు నెలలు వాడి "ఏం లాభం లేదు" అని మానేస్తే దుష్ఫలితాల రిస్క్ తీసుకుని, లాభం చేతికందకముందే వదిలేసినట్టు. గ్రంథి పెద్దదిగా లేనివాళ్లకు వీటితో పెద్ద ప్రయోజనం లేదు. 30 గ్రాములు దాటి ఉంటేనే వీటి గురించి ఆలోచించడంలో అర్థముంది.

లాభం ఎంత? ఇక్కడ శాతాలు మనిషిని ఎలా మోసం చేస్తాయో చూడాలి. 2003లో వచ్చిన ఎంటాప్స్ అనే పరిశోధనలో 3,047 మందిని సగటున నాలుగున్నరేళ్లు చూశారు. డాక్సాజోసిన్, ఫినాస్టెరైడ్ రెండూ కలిపి వాడితే జబ్బు ముదిరే ప్రమాదం 66 శాతం తగ్గిందని ఫలితం. ఇది విన్నవాళ్లు "నూటికి 66 మందికి మేలు" అనుకుంటారు. అది కాదు. నాలుగేళ్లలో ఉత్తుత్తి (మందు లేని) బిళ్ల వేసుకున్నవారిలో నూటికి 17 మందికి జబ్బు ముదిరింది, రెండు మందులూ వేసుకున్నవారిలో 5 మందికి. అంటే వందమంది నాలుగేళ్లు రోజూ రెండు బిళ్లలు వేసుకుంటే 12 మంది గట్టెక్కారు. 83 మందికి ఏం వేసుకోకపోయినా ముదిరేది కాదు. 5 మందికి వేసుకున్నా ముదిరింది. ఈ లెక్కను బట్టి మందు చెడ్డదని అనను. ఆ 12 మందిలో నేనుండే అవకాశం ఎక్కువా తక్కువా అని అడగాలంటాను. గ్రంథి పెద్దది, పీఎస్‌ఏ (ప్రోస్టేట్ నుంచి రక్తంలోకి వచ్చే ఒక ప్రోటీన్ కొలత) 1.5 పైన, వయసు ఎక్కువ, పోశాక మిగిలే మూత్రం ఎక్కువ: ఇవి ఉంటే ఎక్కువ. లేకపోతే తక్కువ.

1998లో వచ్చిన మరో అధ్యయనం పెరిగిన గ్రంథి ఉన్నవాళ్లలో ఫినాస్టెరైడ్‌ను ఒక్కదాన్నే నాలుగేళ్లు పరీక్షించింది. ఆపరేషన్ అవసరమైనవారు నూటికి 10 నుంచి 5కి, మూత్రం బంద్ అయినవారు 7 నుంచి 3కి తగ్గారు. సడలించే బిళ్లలు ఈ రెండింటినీ కొన్నాళ్లు వాయిదా వేస్తాయంతే, తగ్గించేవి ఇవే.

ఇక నష్టం. అదే అధ్యయనంలో మొదటి ఏడాది అంగస్తంభన సమస్య మందు వాడినవారిలో 8.1 శాతం, ఉత్తుత్తి బిళ్ల వేసుకున్నవారిలో 3.7 శాతం. కోరిక తగ్గడం 6.4, 3.4. రెండో ఏడాది నుంచి కొత్తగా వచ్చిన సమస్యల్లో రెండు వర్గాలకూ తేడా లేదు. అంటే మందు వల్ల అదనంగా ఇబ్బందిపడేవారు నూటికి నలుగురైదుగురు, అదీ ఎక్కువగా మొదట్లోనే. కొద్దిమందిలో మందు మానేశాక కూడా ఈ సమస్యలు కొనసాగాయన్న నివేదికలున్నాయి. అది అరుదైనా ఉన్న మాట, దాచకూడదు.

దీనికి జోడించాల్సిన ఒక ఇటలీ ప్రయోగం ఉంది, 2007లో ప్రచురితమైంది. అందరికీ ఫినాస్టెరైడే ఇచ్చారు. సగంమందికి "దీనివల్ల లైంగిక సమస్యలు రావొచ్చు" అని చెప్పారు, మిగతా సగానికి చెప్పలేదు. చెప్పినవారిలో 43.6 శాతం మంది సమస్యలున్నాయన్నారు, చెప్పనివారిలో 15.3 శాతం. భయం కూడా శరీరం మీద పనిచేస్తుంది. రోగులకు చెప్పకూడదని దీని అర్థం కాదు. నూటికి ఎంతమందికి వస్తుందో, మానేస్తే ఏమవుతుందో సంఖ్యతో సహా చెప్పాలి. "రావొచ్చు" అన్న ఒక్క మాటతో వదిలేయడం మనిషిని ఒంటరిగా భయంలో వదిలేయడమే.

మనసు సంగతి మరింత జాగ్రత్తగా చూడాలి. ఫినాస్టెరైడ్ వాడేవారిలో ఆత్మహత్య ఆలోచనలు రావడాన్ని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2025లో దుష్ఫలితంగా ధ్రువీకరించింది. ఎక్కువ నివేదికలు జుట్టు కోసం వాడే 1 మిల్లీగ్రాము బిళ్లకు సంబంధించినవి. ప్రోస్టేట్‌కు వాడేది 5 మిల్లీగ్రాములు. ఇంతకుముందు డిప్రెషన్ వచ్చినవాళ్లు ఆ మాట డాక్టర్‌కు ముందే చెప్పాలి. మందు మొదలయ్యాక మనిషి ముభావంగా మారుతున్నాడేమో ఇంట్లోవాళ్లు గమనించాలి. అలా అనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను కలవాలి.

కాన్సర్ భయం ఎక్కడినుంచి వచ్చింది? 2003లో 18,882 మంది మీద చేసిన ఒక పరిశోధనలో ఏడేళ్లలో ఫినాస్టెరైడ్ వాడినవారిలో ప్రోస్టేట్ కాన్సర్ 18.4 శాతం మందిలో, వాడనివారిలో 24.4 శాతం మందిలో బయటపడింది. మొత్తం మీద తగ్గింది. కానీ తీవ్రమైన రకం మాత్రం 6.4, 5.1గా కొంచెం ఎక్కువ కనిపించింది. ఆ మాటే హెచ్చరికగా డబ్బాలోకి ఎక్కింది. గ్రంథి చిన్నదైతే పరీక్ష కోసం ముక్క తీసే సూదికి కాన్సర్ కణాలు దొరకడం తేలిక, అందుకే ఎక్కువ కనిపించిందని చాలామంది పరిశోధకుల అభిప్రాయం. ఆ మనుషులను దాదాపు 18 ఏళ్లు గమనించినా రెండు వర్గాల్లో బతికినవారి శాతంలో తేడా రాలేదు.

నిజంగా ఆందోళన పడాల్సింది ఇంకో చోట ఉంది. ఈ మందులు వాడితే ఆరు నెలల నుంచి ఏడాదిలో రక్తంలో పీఎస్‌ఏ సుమారు సగానికి పడిపోతుంది. రిపోర్టులో 3 అని ఉంటే దాన్ని 6గా చదవాలి. అది తెలియని డాక్టర్ "నార్మల్" అంటారు. అమెరికా మాజీ సైనికుల రికార్డులతో 2019లో వచ్చిన అధ్యయనంలో, ఈ మందులు వాడేవారికి పీఎస్‌ఏ పెరిగిన నాటినుంచి కాన్సర్ నిర్ధారణ కావడానికి 3.6 ఏళ్లు పట్టింది, వాడనివారికి 1.4 ఏళ్లు. ఆ ఆలస్యంతో పాటు ప్రోస్టేట్ కాన్సర్ మరణాలూ ఎక్కువ కనిపించాయి. కాబట్టి మందు మొదలయ్యేముందు పీఎస్‌ఏ చేయించుకుని ఆ అంకె రాసి పెట్టుకోండి. తర్వాత ఏ పీఎస్‌ఏ రిపోర్టు మీదైనా "ఫినాస్టెరైడ్ వాడుతున్నాను" లేదా "డుటాస్టెరైడ్ వాడుతున్నాను" అని మీ చేత్తో రాయండి. మందు వాడుతుండగా పీఎస్‌ఏ తన కనిష్ఠ స్థాయి నుంచి పెరగడం మొదలైతే, అంకె చిన్నదే అయినా పట్టించుకోవాల్సిందే.

ఇంట్లో గర్భిణి ఉంటే విరిగిన ఫినాస్టెరైడ్ బిళ్లను గానీ, కారిన డుటాస్టెరైడ్ క్యాప్సూల్‌ను గానీ ఆమె తాకకూడదు. కడుపులోని మగబిడ్డ ఎదుగుదల దెబ్బతినొచ్చు. డుటాస్టెరైడ్ వాడేవాళ్లు మానేశాక ఆరు నెలల దాకా రక్తదానం చేయకూడదు.

మిగతా బిళ్లలు, మూలికలు

టాడలాఫిల్ రోజుకు 5 మిల్లీగ్రాములు ప్రోస్టేట్ బాధకూ పనికొస్తుంది. 2011లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది. మూత్రం బాధా, అంగస్తంభన సమస్యా రెండూ ఉన్నవాళ్లకు ఇది మంచి దారి. కానీ గుండెనొప్పికి నైట్రేట్ బిళ్లలు, నాలుక కింద పెట్టుకునేవైనా సరే, వాడేవాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. బీపీ ప్రాణాంతకంగా పడిపోతుంది.

ఆపుకోలేకపోవడం ప్రధాన బాధైతే సోలిఫెనాసిన్, టాల్టెరోడిన్, ఆక్సిబ్యుటినిన్ లాంటివి ఇస్తారు. నోరు ఎండిపోవడం, మలబద్ధకం తెలిసినవే. ఇలాంటి మందులను ఏళ్ల తరబడి వాడిన పెద్దవారిలో మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించిందని పెద్ద అధ్యయనాలు చెప్పాయి. మందే కారణమని వాటితో రుజువు కాలేదు గానీ, 75 ఏళ్ల మనిషికి వీటిని రాసేముందు ఆలోచించడానికి అది చాలు. మిరాబెగ్రాన్‌కు ఈ చిక్కు లేదు, అయితే బీపీ పెరగొచ్చు. వీటిలో ఏది మొదలుపెట్టినా ముందు, పోశాక మూత్రాశయంలో ఎంత మిగులుతుందో స్కానింగ్‌లో చూడాలి.

సా పామెటో అనే మూలిక ప్రపంచమంతటా అమ్ముడవుతుంది. 2006లో ఏడాది పాటు 225 మందిపై, 2011లో మూడు రెట్ల మోతాదు దాకా పెంచుతూ 369 మందిపై చేసిన పరీక్షల్లో ఉత్తుత్తి బిళ్ల కంటే మెరుగ్గా ఏమీ పనిచేయలేదు. "వాడినాయనకు తగ్గింది" అన్న మాట అబద్ధం కానక్కర్లేదు. ఈ జబ్బులో బాధ దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఉత్తుత్తి బిళ్లతోనూ చాలామందికి మార్కులు తగ్గుతాయి.

కొత్త బిళ్ల చేర్చేముందు పాత బిళ్లల వైపు చూడటం నాకు ఇష్టమైన సలహా. జలుబుకు వాడే సూడోఎఫెడ్రిన్ మూత్రాశయం మెడను బిగిస్తుంది. తుమ్ములకు, నిద్రకు వాడే క్లోర్‌ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ మూత్రాశయాన్ని మందకొడిగా చేస్తాయి. అమిట్రిప్టిలిన్, బలమైన నొప్పి మందులూ అంతే. ప్రోస్టేట్ పెరిగిన మనిషి ఒక మామూలు జలుబు బిళ్లతో మూత్రం బంద్ అయి ఆస్పత్రిలో పడటం వైద్యులకు కొత్త కాదు. జలుబు మందు కొనేటప్పుడు "నాకు ప్రోస్టేట్ ఉంది" అని చెప్పడానికి సిగ్గుపడకండి.

బిళ్లలా, ఆపరేషనా

ఆపరేషన్‌ను ఆఖరి దిక్కుగా చూడటం అలవాటైపోయింది. అది ఎప్పుడూ సరైన చూపు కాదు. ఇరవై ఏళ్లు రోజూ రెండు మందులు మింగడం కూడా ఒక రిస్కే, అది ముక్కలు ముక్కలుగా వస్తుంది గనక కనబడదు.

మూత్రనాళం గుండా పరికరం పంపి గ్రంథి లోపలి భాగాన్ని చెక్కి తీసే టర్ప్ దశాబ్దాలుగా ప్రామాణికం. బాధను మందుల కంటే ఎక్కువగా తగ్గిస్తుంది. అయితే సుమారు మూడింట రెండు వంతుల మందికి ఆ తర్వాత వీర్యం బయటకు రాకుండా మూత్రాశయంలోకి వెళ్తుంది, ఇది సాధారణంగా శాశ్వతం. అంగస్తంభన, సుఖం అలాగే ఉండొచ్చు. హోలెప్ అనే లేజర్ పద్ధతిలో లోపలి కండను తొక్క నుంచి పండును విడదీసినట్టు మొత్తంగా తీస్తారు. ఎంత పెద్ద గ్రంథికైనా పనికొస్తుంది, మళ్లీ పెరగడం అరుదు, కానీ చేయి తిరిగిన సర్జన్ కావాలి. వీర్యం సంగతి దీనిలోనూ టర్ప్ లాంటిదే.

వీర్యం నిలుపుకోవడం ముఖ్యమనుకునేవారికి వేరే దారులున్నాయి. యూరోలిఫ్ట్‌లో గ్రంథిని కోయకుండా చిన్న క్లిప్పులతో పక్కకు లాగి కడతారు. రెజూమ్‌లో ఆవిరితో కండను కుంచింపజేస్తారు. రెండింటిలోనూ లైంగిక సామర్థ్యం చాలావరకు నిలుస్తుంది. బదులుగా ఉపశమనం టర్ప్ అంత ఉండదు, కొన్నేళ్లకు మళ్లీ చికిత్స అవసరమయ్యే అవకాశం ఎక్కువ. యూరోలిఫ్ట్ ప్రధాన అధ్యయనంలో ఐదేళ్లలో సుమారు 14 శాతం మందికి అలా అవసరమైంది.

ఆపరేషన్‌ను మరీ సాగదీయడంలో ఒక నష్టముంది. అడ్డంకిని నెట్టి నెట్టి మూత్రాశయం కండరం అలిసిపోతే, తర్వాత దారి తెరిచినా అది పూర్తిగా ఖాళీ చేయలేదు. మందులు వాడుతున్నా మిగిలే మూత్రం ఏటేటా పెరుగుతోందంటే ఆ మాట యూరాలజిస్టుతో తేల్చుకోవాలి.

మొదలుపెట్టిన మందును ఆపొచ్చా?

ఆపొచ్చు, కొన్నిసార్లు ఆపాలి కూడా. డుటాస్టెరైడ్, టామ్సులోసిన్ ఆరు నెలలు కలిపి వాడాక టామ్సులోసిన్ ఆపేస్తే ఏమవుతుందని ఒక పరిశోధనలో చూశారు. ఆపినవారిలో 77 శాతం మంది అంతకుముందులాగే, లేదా మెరుగ్గా ఉన్నామన్నారు. మొదట్లో మార్కులు 20 దాటినవాళ్లలోనే ఎక్కువమందికి బాధ తిరగబెట్టింది. అంటే రెండు బిళ్లలతో మొదలైన మనిషి, కండ తగ్గాక ఒక్క బిళ్లతో సరిపెట్టుకునే అవకాశం బాగానే ఉంది. అలా ఆపాక కళ్లు తిరగడం, వీర్యం తగ్గడం లాంటి ఇబ్బందులూ పోవచ్చు. ఇది మీ అంతట మీరు చేసే పని కాదు, డాక్టర్‌ను అడిగి చేసే పని. చాలాసార్లు రోగి అడగకపోవడం వల్లే పాత చీటీ అలాగే కొనసాగుతుంది.

అడగడానికి తేదీలు పెట్టుకోండి. సడలించే బిళ్లకు నాలుగు వారాలు, కండ తగ్గించే బిళ్లకు ఆరు నెలలు. మందు మొదలయ్యే రోజున ఆ 7 ప్రశ్నలకు మార్కులు వేసుకుని, ఎనిమిదో ప్రశ్నకు జవాబు రాసి, పీఎస్‌ఏ అంకె పక్కన పెట్టుకోండి. గడువు రాగానే పాత కాగితం చూడకుండా మళ్లీ మార్కులు వేసి, తర్వాత రెండూ పోల్చండి. కనీసం 3 మార్కులు తగ్గితేనే మనిషికి తేడా తెలుస్తుందని పరిశోధనలు చెప్తున్నాయి. తగ్గిందా, ఆ తగ్గుదల మీకు వచ్చిన ఇబ్బందులకు సరితూగుతుందా అన్న రెండు జవాబులతో, ఆ రెండు కాగితాలూ పట్టుకుని డాక్టర్ ముందు కూర్చోండి.